డిస్క్ ఫుల్, ఫోల్డర్లు ఖాళీ: వైరస్ పోయాక మా ఇంటి కంప్యూటర్‌లో 57 జీబీ ఎలా దొరికింది

సంక్రాంతికి ఊరెళ్తే మా ఇంట్లో ఎవరూ "ఎప్పుడొచ్చావు, తిన్నావా" అని అడగరు. "నా ఫోన్ ఎందుకు స్లో అయింది" అని అడుగుతారు. ఫ్రెండ్స్, గాడ్జెట్ రివ్యూలు రాసేవాడికి ఇంట్లో ఉండే హోదా ఇదే. జీతం లేని మెకానిక్.

ఈసారి గొడవ ఫోన్‌తో కాదు. పెద్దారవీడులో మా ఇంటి ముందు గదిలో ఒక పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. 500 జీబీ హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్, ఇప్పటికీ విండోస్ 7. అక్క దాని మీద ఊళ్ళో పిల్లలకు అప్లికేషన్లు నింపిపెడుతుంది, నాన్న పాత సినిమాలు చూస్తాడు. పండక్కి వారం ముందు అక్క ఫోన్ చేసింది.

"ఒరే, సీ డ్రైవ్ ఎర్రగా అయిపోయింది. ఈ డ్రైవ్‌లో ఫోటోలు ఒక్కటీ కనపడట్లా. మార్కాపురంలో షాపాయన్ను అడిగితే వైరస్ తినేసింది, ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నాడు. కొట్టించమంటావా?"

ఆ ఈ డ్రైవ్‌లో ఏముందో నాకు తెలుసు. అక్క పెళ్ళి ఫోటోలు, నాన్న పొలం కాగితాల స్కాన్లు, మా ఇద్దరి సర్టిఫికెట్లు. వీటన్నిటికంటే ముఖ్యంగా మా నాయనమ్మ, మేం జేజి అంటాం, తన చిన్నప్పటి కరువు రోజుల గురించి చెప్తుంటే బావ ఫోన్‌లో రికార్డ్ చేసిన 36 నిమిషాల ఆడియో. జేజి పోయి మూడేళ్ళయింది. ఆ ఫోన్ పోయి రెండేళ్ళు. వేరే కాపీ లేదు.

"ఫార్మాట్ వద్దు. ముందు ఒక పని చెయ్యి. ఈ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు. ఎంత వాడినట్టు చూపిస్తుంది?"

"184 జీబీలో 143 వాడినట్టుంది."

"ఫోటోలు అందులోనే ఉండుంటాయి. కంప్యూటర్ ఆపేసి ప్లగ్ పీకెయ్. నేనొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వద్దు."

ఈ ఆర్టికల్ మొత్తంలో మీరు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు, అది ఇదే. ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తూ డిస్క్ నిండినట్టు చూపిస్తుంటే కంగారు పడాల్సిన పనిలేదు, నిజానికి అది మంచి వార్త. ఫైళ్ళు డిలీట్ అయితే ఆ జాగా ఖాళీ అయినట్టు లెక్కలో కనిపించాలి. కనిపించట్లేదంటే ఫైళ్ళు ఉన్నాయి, మనకు చూపించట్లేదంతే. అట్టాంటి డిస్క్‌ను ఫార్మాట్ కొట్టడమంటే తాళంచెవి దొరకలేదని ఇల్లు కూలగొట్టుకోవడమే.

ముందు కాపీ, తర్వాతే వైద్యం

ఇంటికెళ్ళిన రోజు రాత్రే కూర్చున్నా. విండోస్ అసలు ఆన్ చేయలేదు. నా ల్యాప్‌టాప్‌లో రూఫస్‌తో ఒక పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ మింట్ ఎక్కించి, దాంతో డెస్క్‌టాప్‌ను బూట్ చేశా. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. 4 జీబీ ర్యామ్ దానికి సరిపోతుంది.

లైనక్స్ ఎందుకంటే రెండు కారణాలు. ఒకటి, విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ తనంతట తాను నడవదు. రెండోది ఇంకా ముఖ్యం. విండోస్‌లో ఒక ఫైల్‌కు "హిడెన్", "సిస్టమ్" అనే రెండు గుర్తులు తగిలిస్తే ఎక్స్‌ప్లోరర్ దాన్ని చూపించదు. లైనక్స్ మామూలుగా ఆ గుర్తుల్ని పట్టించుకోదు, ఉన్నదంతా పరిచి చూపిస్తుంది.

ఈ డ్రైవ్ తెరిచా. అక్క చూసిన షార్ట్‌కట్లన్నీ ఉన్నాయి, ఒక్కొక్కటి ఒకటి రెండు కేబీ. వాటి మధ్య పేరే లేని ఒక ఫోల్డర్. అది తెరిస్తే మొత్తం అందులో ఉంది. పెళ్ళి ఫోటోలు, కాగితాలు, అన్నీ. ఆడియో ఫైల్ మీద డబుల్ క్లిక్ కొట్టా. జేజి గొంతు రాగానే పక్క గదిలో నాన్న టీవీ సౌండ్ తగ్గించాడు.

అప్పుడు కూడా వెంటనే వైరస్ మీదకు పోలేదు. నా 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి ఆ 143 జీబీ కాపీ చేశా. యూఎస్‌బీ 2.0 పోర్టు కావడంతో రెండున్నర గంటలు పట్టింది. మా ఊళ్ళో కరెంటు సంగతి తెలుసు కాబట్టి బావ షాపులో ఉన్న యూపీఎస్ తెచ్చి తగిలించాం. కాపీ చేసేటప్పుడు షార్ట్‌కట్లు, డాట్ వీబీఎస్, డాట్ ఈఎక్స్ఈ ఫైళ్ళు వదిలెయ్యాలి. లేకపోతే రోగాన్ని కూడా భద్రంగా బ్యాకప్ చేసినట్టే.

విండోస్ 10, 11 వాడేవాళ్ళకు ఒక చిన్న హెచ్చరిక. వాటిలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ సగం నిద్ర లాంటిది. అప్పుడు లైనక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి అక్కడ్నుంచి పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఈ సమస్య ఉండదు.

ఇది దాచే వైరస్సా, తాళం వేసే వైరస్సా?

డిస్క్ నిండుగా ఉందంటే అన్నిసార్లూ ఫైళ్ళు క్షేమంగా ఉన్నట్టు కాదు. రాన్సమ్‌వేర్ పడ్డా జాగా నిండుగానే ఉంటుంది. తేడా ఏంటంటే, అక్కడ ఫైళ్ళు కనిపిస్తాయి కానీ తెరుచుకోవు. పేరు చివర ఏదో వింత ఎక్స్‌టెన్షన్ చేరుతుంది, పక్కనే డబ్బులడిగే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. 2017 మే 12న మొదలైన వానాక్రై గుర్తుందా? మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విచిత్రం ఏంటంటే అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలు టైమున్నా వేసుకోనివాళ్ళే ఎక్కువగా దొరికిపోయారు.

మీది రాన్సమ్‌వేర్ అయితే ఇక్కడ రాసిన అట్రిబ్ కమాండ్ దానికి పనిచేయదు. ఫైళ్ళు అట్టాగే ఒక డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టుకుని, నో మోర్ రాన్సమ్ అనే సైట్‌లో మీ రకానికి తాళంచెవి ఉందేమో చూడండి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన ఉచిత సేవ అది. ఈరోజు లేని తాళంచెవి కొన్నాళ్ళకు రావచ్చు, అందుకే పారేయొద్దు.

మాది దాచే రకం. షార్ట్‌కట్ వైరస్ అని మనోళ్ళు పిలిచేది. దీనికి కొంచెం చరిత్ర ఉంది. ఎక్స్‌పీ రోజుల్లో పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఆటోరన్ ఫైల్ దానంతట అదే నడిచేది, వైరస్‌లకు అదే రాజమార్గం. విండోస్ 7లో మైక్రోసాఫ్ట్ పెన్‌డ్రైవ్‌లకు ఆ సౌకర్యం తీసేసింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అప్‌డేట్‌గా ఇచ్చింది. తనంతట తాను నడిచే దారి మూసుకుపోయాక మన చేత్తోనే క్లిక్ చేయించుకోవడం మిగిలింది. ఫోల్డర్లను దాచి, వాటి పేరుతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. మనం "పెళ్ళి ఫోటోలు" అని క్లిక్ చేస్తే ముందు వైరస్ నడుస్తుంది, వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోటోలు కనపడ్డాయి కాబట్టి మనకు అనుమానం రాదు. అక్క రెండు నెలలు ఇట్టాగే వాడింది. ఏదో యాంటీవైరస్ సగం శుభ్రం చేసి షార్ట్‌కట్లు పనిచేయకుండా చేసిన రోజున "ఫోటోలు పోయాయి" అనుకుంది.

నమ్మకం లేకపోతే అట్టాంటి షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చదవండి. మామూలు ఫోల్డర్ దారి ఉండాల్సిన చోట సీఎండీ అని మొదలై, మధ్యలో ఏదో వీబీఎస్ ఫైల్ పేరు ఉంటే అదే దొంగ.

దొంగను పట్టాకే తలుపులు తెరవాలి

చాలామంది ఇక్కడ వరస తప్పుతారు. ముందే ఫైళ్ళు బయటికి తీస్తే, వైరస్ ఇంకా నడుస్తుంటుంది కాబట్టి నిమిషంలో మళ్ళీ దాచేస్తుంది. కాబట్టి ఇంటర్నెట్ తీసేసి, విండోస్ ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో చూశా. డబ్ల్యూస్క్రిప్ట్ అనే ప్రాసెస్ నడుస్తోంది. అది విండోస్ వాళ్ళదే, చెడ్డది కాదు. కానీ ఇంటి కంప్యూటర్‌లో ఎవరూ ఏ స్క్రిప్టూ నడపనప్పుడు అదెందుకు నడవాలి? ఎండ్ ప్రాసెస్ కొట్టా. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిస్తే యాప్‌డేటా ఫోల్డర్‌లోని ఒక వీబీఎస్ ఫైల్ కనపడింది. టిక్ తీసేసి, ఆ ఫైల్‌ను డిలీట్ చేశా. దాని తేదీ నవంబర్‌ది. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేసి తెచ్చిన మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్‌తో ఫుల్ స్కాన్. ఇది డౌన్‌లోడ్ చేసిన పది రోజులకే గడువు తీరిపోతుంది, కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవాలి. విండోస్ 10, 11 ఉంటే ఇంకా సులువు. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్తే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది.

ఇప్పుడు దాచినవి బయటికి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టాలి (అక్షరాలన్నీ ఇంగ్లీషులో టైప్ చేయాలి, మధ్యలో ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే):

అట్రిబ్ -హెచ్ -ఆర్ -ఎస్ ఈ:\*.* /ఎస్ /డి

హెచ్ అంటే హిడెన్, ఆర్ అంటే రీడ్ ఓన్లీ, ఎస్ అంటే సిస్టమ్. మైనస్ అంటే ఆ గుర్తు తీసెయ్ అని. చివరి రెండూ లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించమని చెప్పడానికి. కొందరు హెచ్ ఒక్కటే తీసి "పనిచేయలేదు" అంటారు. సిస్టమ్ గుర్తు ఉన్న ఫైల్‌కు హిడెన్ ఒక్కదాన్నే తీయనివ్వదు, రెండూ కలిపి తీయాలి. కొన్ని ఫోల్డర్లకు యాక్సెస్ డినైడ్ అని వస్తే అది విండోస్ సొంత సామాను, వదిలేయండి. సీ డ్రైవ్ మీద మాత్రం ఈ కమాండ్ కొట్టొద్దు. అక్కడ విండోస్ కావాలని దాచుకున్న ఫైళ్ళు ఉంటాయి, వాటిని బయటపడేస్తే రేపు నాన్న "ఇదేందో పనికిరాంది" అని డిలీట్ కొడతాడు.

పేరు లేని ఫోల్డర్ గురించి అక్క అడిగింది, పేరు లేకుండా ఫోల్డర్ ఎట్టా ఉంటుందని. పేరు ఉంది, కానీ ఆ పేరు ఒక ఖాళీ అక్షరం. మామూలు స్పేస్ కాదు, అట్టాగే కనిపించే ఇంకోటి. అందులోవన్నీ కట్ చేసి బయట పేస్ట్ చేసి, ఆ ఫోల్డర్ తీసేశాం.

డీ డ్రైవ్ కథ వేరే. అక్కడ ఏవీ మాయం కాలేదు, ఎక్కువయ్యాయి. ప్రతి ఫోల్డర్ లోపలా అదే పేరుతో, ఫోల్డర్ బొమ్మతో ఇంకోటి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ఎక్స్‌టెన్షన్స్" అన్న టిక్ తీస్తే అసలు రంగు బయటపడింది. అన్నీ డాట్ ఈఎక్స్ఈ ఫైళ్ళు. ఇది వేరే వైరస్, బహుశా ఎప్పటినుంచో ఉన్నది. అన్నీ ఒకే సైజు, 450 కేబీ. సెర్చ్‌లో స్టార్ డాట్ ఈఎక్స్ఈ అని వెతికి, సైజు వారీగా పేర్చి, ఒకే సైజు ఉన్న 3,800 చిల్లర ఫైళ్ళు ఒక్క దెబ్బకు తీసేశాం. సైజు చూడకుండా ఈఎక్స్ఈలన్నీ తీస్తే మీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు కూడా పోతాయి, జాగ్రత్త. ఇన్ని ఫైళ్ళు కలిపి తిన్న జాగా ఎంతనుకున్నారు? 1.6 జీబీ. అంతే.

మరి సీ డ్రైవ్‌ను తిన్నదెవరు?

ఇక్కడే నాకు అసలు ఆసక్తి మొదలైంది. సీ డ్రైవ్ మొత్తం 97.6 జీబీ. ఖాళీ దాదాపు సున్నా. కానీ లోపలికెళ్ళి అన్ని ఫోల్డర్లూ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూస్తే 53 జీబీ అంటుంది. మిగతా 44 జీబీ ఏ ఫోల్డర్‌లోనూ లేదు. వైరస్ తినేసిందని షాపాయన అన్నది దీన్నే.

మధ్యలో నాన్న కూడా ఒక లెక్క తెచ్చాడు. "500 అని కొన్నాం కదరా, మూడూ కలిపితే 465 చూపిస్తుంది. ఆ 35 కూడా వైరసేనా?" అది వైరస్ కాదు. కంపెనీ వాళ్ళు 100 కోట్ల బైట్లను ఒక జీబీ అంటారు. విండోస్ 107,37,41,824 బైట్లను ఒక జీబీ అంటుంది. కొలిచే సేరు వేరు, సరుకు అదే. మీ 1 టీబీ డిస్క్ 931 చూపించేది కూడా ఇందుకే.

ఇక ఆ 44 జీబీ సంగతి. ఎక్స్‌ప్లోరర్ మామూలు యూజర్‌గా నడుస్తుంది. తనకు తెరిచే హక్కు లేని ఫోల్డర్లను, దాచి ఉన్న సిస్టమ్ ఫైళ్ళను లెక్కలో కలపదు. డ్రైవ్ ప్రాపర్టీస్ మాత్రం డిస్క్ అసలు లెక్క చెప్తుంది. ఈ రెండిటి తేడాయే "మాయమైన జాగా". కాబట్టి అన్నీ చూడగల టూల్ కావాలి. నేను విజ్‌ట్రీ వాడతా. ఇది ఫోల్డర్లు ఒక్కొక్కటీ తిరక్కుండా, ఎన్‌టీఎఫ్ఎస్ తన దగ్గర రాసుకునే ఫైళ్ళ పట్టికనే నేరుగా చదువుతుంది, అందుకే పాత డిస్క్ మీద కూడా త్వరగా తేలుతుంది. విన్‌డిర్‌స్టాట్ కూడా మంచిదే, కాస్త నిదానం. ఏది వాడినా రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టడం మర్చిపోవద్దు.

విజ్‌ట్రీ చూపించిన మొదటి వరస చూసి నేను కుర్చీలో కాస్త ముందుకు జరిగా. విండోస్ ఫోల్డర్ లోపల టెంప్ ఫోల్డర్‌లో 31 జీబీ. తెరిస్తే క్యాబ్ అని మొదలయ్యే ఫైళ్ళు మూడొందలకు పైగా, ఒక్కొక్కటి దాదాపు 100 ఎంబీ. తేదీలు చూస్తే 2019 నుంచి ఉన్నాయి. వైరస్ వచ్చింది మొన్న నవంబర్‌లో. అంటే ఇవి దాని పని కాదు.

ఇది విండోస్ 7లో చాలామందిని ఏడిపించిన పాత జబ్బు. విండోస్ తన అప్‌డేట్ల, రిపేర్ల చిట్టాను సీబీఎస్ లాగ్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. అది పెద్దదైతే పక్కన పెట్టి, జిప్ లాగా కుదించి దాచుకోవాలి. ఆ కుదించే ప్రోగ్రాం 2 జీబీ దాటిన ఫైల్‌ను మింగలేదు. మొదలుపెడుతుంది, టెంప్‌లో ఒక 100 ఎంబీ ముక్క రాస్తుంది, చేతకాక ఆగిపోతుంది. ముక్క అక్కడే మిగులుతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ ప్రయత్నం, మళ్ళీ ముక్క. ఆ పెద్ద లాగ్ ఫైల్‌ను తీసేదాకా ఇది ఆగదు. మీరు టెంప్ ఖాళీ చేసినా మళ్ళీ నిండుతుంది, అందుకే జనం వైరస్ అనుకుంటారు.

వైద్యం సులువే. సర్వీసెస్‌లో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్‌ను ఆపాలి. విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, దానిలో సీబీఎస్ ఫోల్డర్‌కు వెళ్ళి పాత లాగ్ ఫైళ్ళు తీసేయాలి (మాకు 2 జీబీ పైన ఉన్నది ఒకటి దొరికింది). తర్వాత టెంప్‌లోని క్యాబ్ ముక్కలన్నీ. తర్వాత రీస్టార్ట్. ఒక్క దెబ్బకు 33 జీబీ వెనక్కి వచ్చింది. అక్క "అంతేనా?" అంది. అంతే.

మిగతావి గబగబా చెప్పేస్తా. విండోస్ డాట్ ఓల్డ్ 11 జీబీ. ఎప్పుడో ఎవరో ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్ళీ ఎక్కించినప్పుడు పాతది ఈ పేరుతో మిగిలింది. లోపల యూజర్స్ ఫోల్డర్‌లో మీ పాత డెస్క్‌టాప్ ఫైళ్ళు ఉండొచ్చు, చూసి తీసుకున్నాకే డిస్క్ క్లీనప్‌లో "క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్" కొట్టి తీయండి. యూజర్ టెంప్ 5 జీబీ, ఆలోచించకుండా తీసేయొచ్చు. యాంటీవైరస్ క్వారంటైన్ ఒకటిన్నర జీబీ. ఇది పట్టుకున్న దొంగల్ని పెట్టే గది. తుడిచే ముందు ఒకసారి జాబితా చూడండి, కొన్నిసార్లు మన ఫైళ్ళను కూడా అనుమానంతో లోపలేస్తుంది. అక్క టైప్ చేసిన రెండు ఎక్సెల్ షీట్లు మాకు అక్కడే దొరికాయి.

హైబర్‌ఫిల్ 3 జీబీ. హైబర్నేట్ చేసేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచడానికి విండోస్ ముందే పట్టుకునే జాగా ఇది. డెస్క్‌టాప్‌లో హైబర్నేట్ వాడేవాళ్ళను నేను చూడలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ -హెచ్ ఆఫ్ అని కొడితే ఫైల్ మాయం. ల్యాప్‌టాప్ వాళ్ళు ఆలోచించి చేయండి. విండోస్ 10, 11లో దీంతో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. పేజ్‌ఫైల్ 4 జీబీ, దాన్ని ముట్టుకోలేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌కు అది ఊతకర్ర.

సిస్టమ్ రీస్టోర్ 4.8 జీబీ. దీని విషయంలో వరస ముఖ్యం. వైరస్ ఉన్న రోజుల్లో తీసిన రీస్టోర్ పాయింట్లలో వైరస్ కాపీ కూడా ఉండొచ్చు, రేపు ఎవరో రీస్టోర్ కొడితే మళ్ళీ లేచి కూర్చుంటుంది. అట్టాగని మొదట్లోనే తీసేస్తే, శుభ్రం చేస్తూ ఏదైనా చెడిపోతే వెనక్కెళ్ళే దారుండదు. అంతా శుభ్రమయ్యాక, రెండు సార్లు రీస్టార్ట్ చేసి చూశాక, సిస్టమ్ ప్రొటెక్షన్‌లో పాతవన్నీ డిలీట్ చేసి కొత్తది ఒకటి తీశా. చిన్నదే, దాదాపు 4 జీబీ మిగిలింది.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ మీ కంట్లో పడుతుంది, పెద్దదిగా. దాన్ని చేత్తో డిలీట్ చేయొద్దు. అందులో ఉన్నట్టు కనిపించే ఫైళ్ళలో చాలా భాగం సిస్టమ్32 లాంటి చోట్ల ఉన్నవే, ఒకే ఫైల్‌కు రెండు పేర్లు. కాబట్టి చూపించేంత జాగా అది తినదు, చేత్తో తీస్తే విండోస్ లేవదు.

మొత్తం కలిపితే 57 జీబీకి కొంచెం పైన. వైరస్ వల్ల పోయింది ఎంతని లెక్కేస్తే, ఆ క్వారంటైన్, టెంప్‌లో కొంత భాగం, అంతే. సీ డ్రైవ్‌ను నింపింది విండోస్ సొంత చెత్త. మన ఇళ్ళల్లో కంప్యూటర్‌కు ఏమైనా వైరస్ అనేస్తాం, జ్వరమొస్తే గాలి తగిలిందన్నట్టు. ఆ మాట నమ్మి ఫార్మాట్ చేయించుకుంటే సీ డ్రైవ్ ఖాళీ అవుతుంది నిజమే, కానీ అదే ఊపులో ఈ డ్రైవ్ కూడా కొట్టేసేవాళ్ళు.

దక్కనిది

అన్నీ దక్కాయని చెప్తే అబద్ధం. వైరస్ వచ్చిన దారి అక్క 16 జీబీ పెన్‌డ్రైవ్. ప్రింట్ల కోసం తిరిగి తిరిగి తెచ్చుకుంది. నేను రాకముందే దాన్ని ఒక షాపులో క్విక్ ఫార్మాట్ చేసి, మీద ఒక సినిమా కూడా కాపీ చేసిచ్చారు. క్విక్ ఫార్మాట్ ఫైళ్ళ పట్టికనే చెరిపేస్తుంది, ఫైళ్ళు అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్తది రాసేదాకా. ఆ సినిమా రాసింది కొన్నింటి మీదే.

ఫోటోరెక్ అనే ఉచిత టూల్‌తో వెతికా. పేరు ఫోటో అని ఉన్నా అన్ని రకాల ఫైళ్ళూ వెతుకుతుంది. పట్టిక లేకపోయినా, జేపెగ్ ఇట్టా మొదలవుతుంది, పీడీఎఫ్ ఇట్టా మొదలవుతుంది అనే ఆనవాళ్ళను బట్టి డిస్క్ అంతా గాలిస్తుంది. దొరికినవాటిని అదే పెన్‌డ్రైవ్‌లో కాకుండా వేరే డిస్క్‌లో పెట్టాలి. 212 ఫోటోలు వచ్చాయి, పేర్లు, తేదీలు లేకుండా అంకెలతో. మేనల్లుడి మొదటి పుట్టినరోజు వీడియో మాత్రం మొదటి పదకొండు సెకన్లే ఆడి ఆగిపోతుంది. మిగతాది ఆ సినిమా కింద పడిపోయింది. ఇంకో కాపీ ఎవరి దగ్గరైనా ఉందేమోనని అక్క ఇప్పటికీ చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడుగుతోంది. మీ దగ్గర ఇట్టాంటి పెన్‌డ్రైవ్ ఉంటే, అందులో ఒక్క ఫైల్ కూడా కొత్తగా వేయకుండా పక్కన పెట్టండి.

ఇప్పుడు ప్రింట్ కావాలంటే అక్క పీడీఎఫ్‌ను షాపుకు వాట్సాప్ చేస్తుంది. కుదరకపోతే ఖాళీ పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క ఫైలే వేసుకెళ్ళి, తిరిగొచ్చాక లైనక్స్‌లో పెట్టి ఫార్మాట్ చేస్తుంది. పెన్‌డ్రైవ్‌లను అదుపులో పెట్టడానికి సీడాక్ హైదరాబాద్ వాళ్ళు తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత టూల్ ఉంది, సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైట్‌లో వెతకండి. చాలామందికి దాని పేరే తెలియదు.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది. అందుకని సీ డ్రైవ్‌లో దొరికిన ఖాళీలోంచి 25 జీబీ విడదీసి లైనక్స్ మింట్ ఎక్కించా. ఇంటర్నెట్ పని, నాన్న సినిమాలు అందులో. పాత ప్రింటర్‌కు డ్రైవర్ దొరక్క విండోస్ 7 ఉంచాం, నెట్ కనెక్షన్ మాత్రం దానికి ఇవ్వలేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూస్తే పసుపు రంగులో కాషన్ అని చూపించింది, అంటే కొన్ని సెక్టార్లు పాడవుతున్నాయి. ఎక్స్‌టర్నల్ డిస్క్ తిరిగి హైదరాబాద్ తీసుకురాలేదు, అక్క బీరువాలోనే వదిలేశా. జేజి ఆడియో నా ఫోన్‌లో ఒకటి, బావ ఫోన్‌లో ఒకటి ఉంది.

నెల తర్వాత అక్క స్క్రీన్ ఫోటో తీసి పంపింది. సీ డ్రైవ్‌లో 31 జీబీ ఖాళీ, విండోస్ టెంప్‌లో ఒక్క క్యాబ్ ఫైల్ లేదు. కింద మెసేజ్: "నాన్న ఫోన్ స్లో అయిందంట, ఉగాదికి వస్తున్నావా?"